కుప్పంలో విప్పిన ఇంజను

మదనపల్లె బస్టాండులో ఉదయం ఆరూ పదికి పుంగనూరు బస్సు ఎక్కాను. సంచిలో ఇడ్లీ పొట్లం, నోటు పుస్తకం, పాత గుడ్డలో చుట్టిన, మిల్లీమీటరులో పదో వంతు కూడా కొలిచే వెర్నియర్ ఉన్నాయి. అది 2002వ సంవత్సరం, టమోటా మండీకి సెలవున్న రోజు. మండీలో లారీలు తూచే కాటా దగ్గర నా ఉద్యోగం. చదువు పదో తరగతితో ఆగిపోయినా, కార్ల లెక్కలు మాత్రం పాత ఇంగ్లీషు పత్రికలు తిరగేసి సొంతంగా నేర్చుకున్నాను. సిలిండరు వెడల్పు, పిస్టన్ నడిచే పొడవు చెబితే ఇంజను ఎన్ని సీసీలో నోటితోనే కట్టేవాణ్ణి. ఊళ్లో నన్ను సీసీ సారు అనేవాళ్లు. ఆ పిలుపు నాకు ఇష్టంగానే ఉండేది.

కుప్పం పోవడానికి కారణం ఒక లారీ డ్రైవరు. కాటా మీద బండి నిలిపి, కుప్పంలో టెంట్ హౌస్ వాళ్ల పాత హెరాల్డ్ కారుకు కొత్త పిస్టన్లు తెస్తే సరిపోలేదని మాటవరసకు చెప్పాడు. ఆ కారు నాకు తెలుసు.

అది దేవదానానిది. ఆయన మా ఊరి మిషన్ ఆసుపత్రిలో డ్రైవరు. ఇంగ్లండు డాక్టరమ్మ ఒకామె స్వదేశం వెళ్లిపోతూ తన కారు ఆయనకు ఇచ్చింది. హెరాల్డ్‌లోనే వెనక సామాను పెట్టుకునే రకం. ఇంగ్లండులో ఈ రకానికి పక్కల రెండే తలుపులు. మన మద్రాసులో నాలుగు పెట్టి, వెనకది ఐదోదిగా చేశారు. అలాంటివి తక్కువ.

1994లో పాత కార్లు సేకరించే ఒక బెంగళూరు ఆయన దాన్ని చూడటానికి వచ్చాడు. దాంట్లో ఇంజను పదకొండు వందల నలభై ఏడు సీసీ అని, పాతది పగిలితే డాక్టరమ్మ ఇంగ్లండు నుంచి ఓడలో తెప్పించిందని, ఆ పెట్టెను తానే మద్రాసు హార్బరు నుంచి తెచ్చానని దేవదానం చెప్పాడు. బెంగళూరు ఆయన ఆసుపత్రి ఎదుటి టీ అంగట్లో నన్ను అడిగాడు. వెడల్పు 63 మిల్లీమీటర్లు, పొడవు 76, నాలుగు సిలిండర్లు, మొత్తం 948 సీసీ, మన దేశంలో చేసిన హెరాల్డ్‌కు వేరే ఇంజను లేదు అని గడగడా చెప్పాను. ఆర్సీ పుస్తకంలోనూ 948 అనే ఉంది. అంతటితో ఆపి ఉంటే బాగుండేది. ‘దొరసాని ఏదో చెప్పింటుంది, ఈయన నమ్మినాడు’ అన్నాను. దేవదానం అక్కడే ఉన్నాడు. అంగట్లో అందరూ నవ్వారు. బెంగళూరు ఆయన బానెట్ కూడా ఎత్తించకుండా వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి ఆయన పేరు పదకొండొందల దేవదానం. దారిలో పోతుంటే సైకిల్ షాపు నరసింహులు, “సూడప్పా, పదకొండొందలు పోతాండాది” అనేవాడు. రెండేళ్లకు దేవదానం కారు కుప్పం వాళ్లకు అమ్మేసి, పుంగనూరులో కూతురి ఇంటికి వెళ్లిపోయాడు.

ఏడుకు అయిదు నిమిషాలు తక్కువుండగా పుంగనూరులో దిగాను. కుప్పం బస్సుకు ఇరవై అయిదు నిమిషాలు ఉంది. దేవదానం ఇల్లు బస్టాండు వెనక రెండో వీధి అని తెలుసు. ఆ వైపు పోలేదు. నిలబడే ఇడ్లీ తిన్నాను.

ఏడూ ఇరవైకి కదిలిన బస్సు పలమనేరు, వి.కోట మీదుగా పోతుంది. పొద్దున పోయేవాళ్లు కుడివైపు కూర్చుంటే ఎండ పడదు. పలమనేరులో పట్టుగూళ్ల రైతు ఒకాయన పక్కన కూర్చుని ఎక్కడికని అడిగాడు. కుప్పంలో ఒక కారు ఇంజను కొలవడానికి అన్నాను.

“కొంటాండావా?”

“లేదు.”

“కొలిసి ఏం సేస్తావప్పా?”

సంచిలో వెర్నియర్ ఉందో లేదో చేత్తో తడిమి చూసుకున్నాను.

పది నలభైకి కుప్పం. టెంట్ హౌస్ బస్టాండుకు నడిచేంత దూరమే. యజమాని మునెప్ప, షామియానా గుంజల పక్కన రేకుల కొట్టంలో బండి చూపించాడు. ఇరవై అయిదు అడుగుల్లో చుట్టు తిరుగుతుంది కాబట్టి కల్యాణ మంటపాల సందుల్లోకి సామాను దింపడానికి దీన్ని మించింది లేదన్నాడు. హెరాల్డ్‌కు బానెట్, మడ్‌గార్డులు ఒకటే ముక్క. మొత్తం ముందుకు వాలుతుంది. మెకానిక్ బాషా ముందు టైరు మీద కూర్చుని ఇంజను తుడుస్తున్నాడు. సిలిండర్ల మీద మూత, అంటే హెడ్, విప్పి కింద పెట్టి ఉంది.

“ఆర్సీ బుక్కు సూసి పిస్టన్లు తెస్తి సారూ. లోపలేస్తే గలగలా ఆడతాండాయి,” అన్నాడు.

ఎప్పుడో రీబోర్ చేసి, సిలిండర్లు తొలిచి వెడల్పు చేసి ఉంటారన్నాను. అలా అయి ఉంటే బాగుండునని నా ఆశ. బాషా నవ్వాడు.

“ఆరు మిల్లీమీటర్లా సారూ? అంత తొలిస్తే గోడ యాడుంటాది?”

రెండో టైరు మీద కూర్చుని నాలుగు సిలిండర్లూ రెండేసి సార్లు కొలిచాను. 69.3. మూడో సిలిండరు కాస్త అరిగి 69.4. లెక్క నోటితోనే వచ్చేసింది. అయినా కాగితం మీద వేరేలా వస్తుందేమోనని రాసి చూశాను. 1147.

రెండు ఇంజన్లకూ పిస్టన్ నడిచే పొడవు ఒకటే, 76. తేడా అంతా వెడల్పులో. హెడ్ విప్పితే తప్ప నేను కొలవలేను. విప్పడానికి ఒక పూట చాలు. 1994లో, టీ అంగట్లో, ఈ వెర్నియర్ నా జేబులోనే ఉంది.

“అమ్మేటప్పుడే సెప్పినాడు ఆ పెద్దాయన,” అన్నాడు మునెప్ప. “నేనే నమ్మలా. మీ ఊరోళ్లంతా నవ్వినారంట గదా.”

బస్టాండు పక్క మెస్సులో సంగటి, ఉలవచారు బాగుంటాయి. నేను సగం వదిలేశాను. ఒంటిగంటన్నరకు బస్సెక్కి నాలుగు నలభై అయిదుకు పుంగనూరులో దిగాను. ఈసారి రెండో వీధికి నడిచాను.

దేవదానం వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. ఒక కంట్లో శుక్లం. గొంతును బట్టి గుర్తుపట్టి, కూతురితో స్టూలు వేయించాడు. బండి కొలిచానని, అరవైతొమ్మిది పాయింట్ మూడు వచ్చిందని, ఆయన మాటే నిజమని చెప్పాను. తప్పు నాదన్నాను.

“ఎనక డోరు కొంచిం ఎత్తి ఎయ్యల్ల. ఆ కుప్పమోళ్లకు తెల్సా?” అని అడిగాడు.

తెలీదన్నాను.

“నాకు యాల సెప్తాండావప్పా? ఆ పెట్టె మద్రాసు నుంచి తెచ్చింది నేను. నాకు తెలీకనా? నవ్వినోళ్లకు సెప్పు.”

కూతురు టీ తెచ్చింది. తాగి లేచాను.

ఆరూ అయిదు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. నోటు పుస్తకం తీసి ఆ రోజు అంగట్లో ఉన్నవాళ్ల పేర్లు రాశాను. దేవదానం కాక, నాతో కలిపి పదకొండు మంది. నలుగురు చనిపోయారు. ముగ్గురు ఊరు వదిలి వెళ్లారు. బెంగళూరు ఆయన పేరు అప్పుడూ తెలియదు. మిగిలింది నేను, మంచాన పడి మనిషిని గుర్తుపట్టలేని టీ అంగడి ఆయన, నరసింహులు. టీ అంగడి స్థానంలో ఇప్పుడు టెలిఫోన్ బూత్ ఉంది. ఈ దారిన వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగేది ఇంతే: నాలుగు బస్సులు, పదమూడు గంటల లోపు ప్రయాణం, కుప్పం వరకూ రోడ్డు ఫర్వాలేదు. నేను మాత్రం ఎనిమిదేళ్లు ఆలస్యంగా వెళ్లాను.

ఏడు గంటలకు పది నిమిషాల ముందు మదనపల్లెలో దిగి, ఇంటికి పోకుండా సైకిల్ షాపుకు నడిచాను. నరసింహులు ట్యూబుకు పంక్చర్ వేస్తున్నాడు. దేవదానం చెప్పింది నిజమే, నేనే తప్పు చెప్పాను అన్నాను.

“ఏ దేవదానం?”

మిషన్ ఆసుపత్రి డ్రైవరు అన్నాను. తల అడ్డంగా ఊపాడు. డాక్టరమ్మ కారు అన్నాను. గుర్తు రాలేదు. చివరికి నా నోటితో నేనే అనాల్సి వచ్చింది, పదకొండొందల దేవదానం అని.

నరసింహులు ముఖం విప్పారింది. “ఓ, పదకొండొందలా,” అని నవ్వుతూ ట్యూబు నీళ్లలో ముంచాడు. “ఇంకా ఉండాడా?”