లెక్కలో లేని బరువు

పోయిన వారం హిందూపురంలో చిన్నమ్మ ఇంటి అటక శుభ్రం చేస్తూంటే గోనెపట్టాలో చుట్టిన పెద్ద కార్బురేటర్ ఒకటి చేతికి తగిలింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని, అలవాటు కొద్దీ, పోయినవన్నీ లెక్కపెట్టాను. అది బిగించిన ట్రక్కు పోయింది, బిగించిన మామ పోయాడు, మామ షెడ్డు ఉన్న చోట సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది, ట్రక్కు తోలిన చిన్నాయన పోయి చాలా ఏళ్లయింది, పెట్రోలుతో నడిచే లారీ అనేది ఒకటి ఉండేదంటే ఈ కాలం డ్రైవర్లు నమ్మడం కూడా మానేశారు.

తొంభైల్లో చిన్నాయన మిలిటరీ వేలంలో ఒక పాత పెట్రోలు ట్రక్కు కొని, ధర్మవరం, నల్లమాడ వైపు ఊళ్ల నుంచి రైతుల పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్టుకు తోలేవాడు. నేను ఆ మార్కెట్టులోనే తూకాల దగ్గర చీకటి పడేదాకా పని చేసేవాణ్ని, బండి తిరిగిపోవడం ఎన్నడూ చూడలేదు. చదువు పదో తరగతితో ఆగిపోయినా లెక్క ఎక్కడ కనబడినా వదలని గుణం నాది. మా అమ్మ తమ్ముడు మెకానిక్. ఆ మామ షెడ్డులో పడి ఉన్న అట్టలు లేని ఇంజను పుస్తకం ఒకటి తెచ్చుకుని, అర్థమైనంత మేరకు నాకు నేనే నేర్చుకున్నాను.

ఒక ఎండాకాలం ట్రక్కుకు కార్బురేటర్, కామ్‌షాఫ్ట్ రెండూ ఒకేసారి అరిగిపోయాయి. ఇంజను ఊపిరి పీల్చే గొంతు కార్బురేటరైతే, ఆ ఊపిరికి తలుపు ఎప్పుడు తెరవాలో, ఎంతసేపు తెరిచి ఉంచాలో చూసుకునేది కామ్‌షాఫ్ట్. ఈ రెండూ ఒకదానికొకటి కుదరాలి. నాలుగు లీటర్ల ఇంజను రెండు చుట్లకొకసారి నిండుగా పీలుస్తుంది గనుక, నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగితే ఆరు వేల లీటర్ల గాలి కావాలి, మిట్ట ఎక్కుతూ పన్నెండు వందలకు దిగితే రెండు వేల నాలుగు వందలు చాలు. వేగంగా పోయే బండికి పెద్ద గొంతు మేలు. బరువు లాగే బండికి చిన్న గొంతే మేలు, ఎందుకంటే నిదానంగా తిరిగేటప్పుడు కూడా గాలి జోరుగా దూరితేనే పెట్రోలు దానిలో బాగా కలుస్తుంది. కాబట్టి అంతా బండి మోసే బరువు మీద ఆధారపడి ఉంది. ఆ ట్రక్కు మీదే ఆ ఇల్లు నడిచేది. మార్చే తాహతు ఒక్కసారికే ఉంది. మిట్ట ఎక్కలేకపోతే రైతులు డీజిల్ వ్యాన్లకు పోతారు, వాళ్లు మళ్లీ తిరిగి రారు.

బరువు ఎంతని అడగడానికి ఇంటికి వెళ్లాను. చిన్నమ్మ అన్నం వడ్డిస్తోంది. చిన్నాయన ఆమె వైపు ఒకసారి చూసి, "బరువేముంటాదబ్బా, గూళ్లే కదా, దూది మాదిరి ఉంటాయి" అన్నాడు. గూళ్లు దించి మళ్లీ ధర్మవరం పోయేటప్పుడో అంటే, "ఖాళీ బండే" అన్నాడు. పెట్రోలు ధర చూసి, ఎవరినీ ఊరికే ఎక్కించుకోవద్దని చిన్నమ్మ అంతకు ముందే గట్టిగా చెప్పి ఉంది. ఆ సంగతి నాకూ తెలుసు గానీ, దాన్ని లెక్కలో వేసుకోవాలని తోచలేదు.

వేగానికి లెక్కగట్టి పెద్ద కార్బురేటర్, తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచే కామ్‌షాఫ్ట్ కావాలని చెప్పాను. మామ బండి కింద నుంచే, "ఏమల్లుడా, బరువు మోసే ఈ కమాన్ పట్టీలు వంగిండేది చూస్తే ఖాళీగా తిరిగే బండి మాదిరి లేదే. ముందే చెప్తాండా, తర్వాత నన్ను తిట్టుకోవద్దండి" అన్నాడు. అయినా బెంగళూరులో కామ్‌షాఫ్ట్ సాన పట్టించి తెచ్చి బిగించాడు. సోమందేపల్లి దాకా చదును రోడ్డు మీద బండి గాలిలో పోయినట్టు పోయింది.

ఆ నెలలోనే ధర్మవరంలో పెళ్లికని చిన్నమ్మ మొదటిసారి ఆ ట్రక్కు ఎక్కింది, నేను వెనక ఎక్కాను. మార్కెట్టు గేటు దగ్గర రైతులు గుంపుగా నిలబడి ఉంటే చిన్నాయన తల తిప్పకుండా ముందుకు పోనిచ్చాడు. గుంపులోంచి ఒక అవ్వ, "ఏమప్పా, దినామూ నిలిపేవోనివి, ఈ పొద్దు చూడనట్ల పోతాండావే?" అని కేకేసింది. బండి ఆగింది. ఇరవై మంది తమ ఎరువు మూటలతో, కొత్త బిందెలతో ఎక్కేశారు.

పెనుకొండ మిట్ట సగంలో ఇంజను దగ్గి, ఉక్కిరిబిక్కిరై ఆగిపోయింది. ఎవరూ చెప్పకుండానే అందరూ దూకి చక్రాలకు రాళ్లు పెట్టారు, మూటలు దించి నెత్తిన పెట్టుకున్నారు. "బండి మన్ని మోస్తాదనుకుంటిమి, మనమే బండిని మోయాల్సొచ్చె" అని ఒకాయన అంటే అందరూ నవ్వారు. ఆ అవ్వ మాత్రం చిన్నమ్మ కూర్చున్న తలుపు దగ్గరికి వచ్చి, "గూళ్లు అమ్మిన దుడ్లు చేతికొచ్చేలోపల ఆఖరు బస్సు పోతాదమ్మా. నీ మొగుడు లేకుంటే మేము ఆన్నే మార్కెట్టు నేల మీద పండుకోవాల్సిందే" అంది.

చిన్నమ్మ కిందికి దిగింది. చిన్నాయన రేడియేటరు మూతను అవసరం లేకున్నా తుడుస్తూ నిలబడ్డాడు. ఆమె నన్ను పిలిచి, "నీ లెక్కలో ఈళ్లు ఉండారా?" అంది. లేరన్నాను. "అట్లయితే ఈళ్లందర్నీ ఏసుకోని మళ్ల లెక్క పెట్టు. మనిషికి ఎంత పెట్రోలు కాలుతాదో అదీ చెప్పు."

ఆమె చీటీ ఎత్తిన డబ్బుతో కామ్‌షాఫ్ట్ మళ్లీ సాన పట్టించారు, పాత చిన్న కార్బురేటరుకే అరిగిన చోట మామ కొత్త బుష్ వేశాడు. డీజిల్ వ్యాన్లు హారను కొట్టుకుంటూ దాటిపోయినా, ఆ ట్రక్కు ఇరవై మందితో పెనుకొండ మిట్టను నిదానంగా, ఆగకుండా ఎక్కేది. గూళ్లూ, రైతులూ దాన్ని వదిలిపెట్టలేదు. రెండు వేల సంవత్సరం తర్వాత కొన్నేళ్లకు అది తుక్కుకు పోయింది. ఇప్పుడు రోడ్డు వెడల్పయింది, కార్లకు ఆ మిట్ట ఉన్న సంగతే తెలియదు. గూళ్ల డబ్బు బ్యాంకులో పడుతుంది, మార్కెట్టు గేటు దగ్గర సాయంత్రం ఎవరూ ఎదురు చూడరు, ఖాళీగా పోయే బండి ఖాళీగానే పోతుంది.

చిన్నమ్మ అడిగిన రెండో లెక్క కూడా నేను అప్పుడే కట్టాను. ధర్మవరం దాకా ఖాళీ బండికి పద్దెనిమిది లీటర్లు, ఇరవై మందితో ఇరవై మూడు. చెప్పబోతుంటే, ఆమె మళ్లీ అడ్డం చెబుతుందేమోనని కాబోలు, చిన్నాయన కళ్లతోనే వద్దన్నాడు. ఆయన పోయాక ఆమె మళ్లీ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈనాటికీ ఆమెకు నేను చెప్పాల్సి ఉన్నది ఇంతే: మనిషికి పావు లీటరు.