పన్నెండడుగుల మంచె

నాకు కుదురు లేదని ఇంట్లో అందరూ అంటారు. నిజమే, కాసేపు ఒకచోట కూర్చుంటే కాళ్ళు వాటంతట అవే ఊగుతాయి. అలాంటివాణ్ణి రోజూ సాయంత్రం చెట్టెక్కి బొమ్మలా కూర్చోవలసి వచ్చింది.

మలేషియాలో మా ఊరు సుంగై సుమున్‌లో మా కర్రపెండలం చేనును అడవిపందులు తవ్విపోస్తున్నాయి. తవ్వితే తవ్వాయి, వాటిలో ఒకటి నా భార్య మీదికి వచ్చింది. ఆమె కాలువలోకి దూకి బతికింది. మర్నాడు మళ్ళీ బకెట్టు పట్టుకుని చేనుకు బయలుదేరింది.

"పందికి బయపడి పెండలం ఒగ్గేత్తామేటి?" అంది.

ఆ రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. లైసెన్సు తుపాకీ తుడిచి, చేను గట్టు మీదున్న దురియన్ పళ్ళ చెట్టుకు మంచె కట్టాను.

మొదట ఎనిమిదడుగుల ఎత్తులో కట్టాను. పంది నన్ను చూసి వెళ్ళిపోయింది. పంతం వచ్చి పద్దెనిమిదికి లేపాను. అక్కణ్ణుంచి ఆకులు తప్ప ఏమీ కనిపించలేదు. చివరికి, ఎస్టేట్‌లో ఉన్నప్పుడు వేటాడిన మా మేనమామ వచ్చి, పన్నెండు దగ్గర కత్తితో గీత గీశాడు. చుట్టూ పామాయిలు మట్టలు కట్టించాడు. అయినా వారం రోజులు అదే తంతు. పంది చేను అంచుదాకా రావడం, ముట్టె ఎత్తడం, వెనక్కి తిరగడం. నేను పళ్ళు నూరుకుంటూ దిగేవాణ్ణి.

మామ మళ్ళీ వచ్చి చెట్టు మొదట్లో నిలబడి గాలి పీల్చాడు.

"ఏట్రా ఇది, కోవెల్లాగుంది?"

ఎక్కేముందు రోజూ చెట్టు మొదట్లో పాతిన, తోటలను కాచే మునీశ్వరుడి శూలం ముందు కర్పూరం, అగరొత్తులు వెలిగించి, నా భార్యకు ఏమీ కాకూడదని మొక్కుకునేవాణ్ణి. మా తోటల్లో ఎవరైనా చేసే పనే.

"నువ్వొచ్చినావని పందికి కబురెట్టి మరీ కూకున్నావు లా!" అని, ఇక్కడి మలయావాళ్ళలా మాట చివర 'లా' తగిలించి, మామ పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

మర్నాడు ఏదీ వెలిగించకుండా ఎక్కాను. మనసు మనసులో లేదు. ఇంకా వెలుతురుండగానే పంది వచ్చింది, ఈసారి ఆగలేదు. తుపాకీ ఎత్తి గురి చూశాను. పందికి సరిగ్గా వెనక, దారి మలుపులో, నా భార్య బాతిక్ లుంగీ కనిపించింది.

గొంతు చించుకుని అరిచాను. పంది పొదల్లోకి దూకి పారిపోయింది.

ఆమె తాపీగా వచ్చి శూలం ముందు కర్పూరం పెట్టింది.

"సామికి ఎలిగించకుండా ఎక్కినావంట, మావ సెప్పినాడు. నీకేటైనా అయితే?" అంది. తర్వాత పైకి చూసి మెచ్చుకుంది. "బాగా దాక్కున్నావు లా. అరిసినదాకా నువ్వెక్కడున్నావో నాకే కనపడనేదు."

తుపాకీలోంచి తూటా తీసి జేబులో వేసుకుని దిగాను. మర్నాడు ఇంటి దారివైపున్న మట్టలన్నీ పీకేశాను.