మా చెల్లెలి నిద్ర

మొన్న తిరుపతిలో బట్టల అంగట్లో కొత్త నేతచీర మడత విప్పగానే గంజి వాసన గుప్పున కొట్టింది. ఎప్పుడూ గంజి పెట్టిన నేతచీరే కట్టే మా సరోజమ్మ టీచరు గుర్తొచ్చింది. నన్ను టీచరును చేసింది ఆమే. అయినా ఆమెను తలచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

డెబ్భైల్లో నగరిలో మా నాయనకు ఒక మగ్గం ఉండేది. ఆయన పొద్దున్నే మగ్గంలో కూర్చునేసరికి నూలు కండెలకు చుట్టి ఉంచాలి. ఆ పని నాదీ, నాకంటే ఏడాది చిన్నదైన కస్తూరిదీ. నా చేతులకు చెమటనీ, తెల్ల నూలుకు మరకలవుతాయనీ నన్ను తప్పించారు. నేను ఎండెక్కేదాకా పడుకునేదాన్ని. కస్తూరి కోడి కూయకముందే లేచేది. ఇద్దరం ఒకే తరగతి. బళ్ళో నేను చురుకైన పిల్లను, పుస్తకం మీద తల వాల్చేసే కస్తూరి మొద్దు. చురుకైన పిల్లనన్న పేరు నాకు బాగానే ఉండేది.

సరోజమ్మ టీచరు మాత్రం దాన్ని కొట్టలేదు. ఒకరోజు బీరువా వెనక చాప వేసి రెండు గంటలు పడుకోబెట్టింది. లేచాక మా ఇద్దరికీ ఒకే లెక్క ఇచ్చింది. నేను సగంలో ఉండగానే కస్తూరి జవాబు చూపించింది. నాకు ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రమే టీచరు మా ఇంటికొచ్చి, నిద్ర చాలని పిల్లకు చదువెక్కదని నాయనకు నచ్చజెప్పింది. నాయన అంతా విని, "పెద్దదాని సేతులు సెమట టీచరమ్మా. సిన్నది లెయ్యకపోతే మగ్గం నిలబడిపోతాది," అన్నాడు. టీచరు నావైపు చూసింది.

మర్నాడు పరీక్ష రాస్తుంటే నా అరచేయి తిప్పి చూసింది. "పరీక్షలో కూడా తడవని చెయ్యి ఇంట్లో ఎట్లా తడుస్తుందే?" అంది. తొట్టి నీళ్ళలో ముంచుకుంటానని నేను చెప్పలేదు. "మీ నాయనకు నువ్వే చెప్పాల," అని వెళ్ళిపోయింది. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ ఏడాదే కస్తూరి పరీక్ష తప్పింది, నాయన బడి మాన్పించాడు. టీచరు నాకు పుస్తకాలిచ్చింది, పై చదువుకు దారి చూపించింది. చేతుల సంగతి మాత్రం మళ్ళీ ఎత్తలేదు. నాలుగు దెబ్బలు వేసినా బాగుండేది.

నేను పాఠం చెప్పినన్నాళ్ళూ తరగతిలో కునికే పిల్లను లేపలేదు. దయగల టీచరమ్మ అన్నారు. కిందటేడు ధైర్యం చేసి కస్తూరికి నిజం చెప్పాను. అది ఇంకా కండెలు చుడుతూనే ఉంది.

"తెలుసక్కా. నువ్వు తొట్లో సేతులు ముంచేది సూసినాను. సెప్తే నాయన నిన్ను కొడతాడని సెప్పలేదు," అంది.

దానికప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ మాట విన్నాక దాని మొహం చూడలేకపోయాను. ఇప్పటికీ చూడలేను.