తొందరపడి చెప్పిన సాక్ష్యం

మేడ్చల్‌లో ఉండే ఎలీషమ్మ బౌరంపేట్‌లో ఒక బడిలో ఆయా. పన్నెండేళ్లుగా పసిపిల్లలకు చేతులు కడిగించి, అన్నం డబ్బాల మూతలు తీసి పెడుతోంది. నలభై ఆరో ఏట ఆమెకు నెలసరి పదిహేను రోజులైనా ఆగకుండా పోవడం మొదలైంది. స్కానింగ్‌లో గర్భసంచిలో గడ్డలు కనిపించాయి. ఆపరేషన్ చేయించుకోవాలని డాక్టరమ్మ చెప్పింది.

ఎలీషమ్మ మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన చేసింది. ఆ నెల రక్తం రెండు రోజులకే ఆగింది. ఆదివారం చర్చిలో మైకు పట్టుకుని, దేవుడు తనను స్వస్థపరిచాడని సాక్ష్యం చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు.

మరుసటి నెల మళ్లీ మొదలైంది.

"ఎట్ల చెప్పాలె? దేవుని పేరు మీద చెప్తినాయె. నా ఇజ్జత్ పోతే పోనీ, ఆయన పేరు పోతదని భయమైంది," అంది, ఇదంతా అయ్యాక, అదే బడిలో పాఠాలు చెప్పే నాతో. ముదురు రంగు చీరలే కట్టింది. బడి మెట్ల మధ్యలో ఆయాసం వస్తే, పిల్లల బూట్ల లేసులు కడుతున్నట్టు కూర్చునేది. నాలుగు నెలలు కూతురు క్రిస్టీనాకు కూడా తెలియనివ్వలేదు.

ఐదో నెలలో ఒక ఆదివారం, చర్చిలో పక్కన కూర్చునే మార్తమ్మ మెల్లగా చెప్పింది.

"నాకు సుత నీ లెక్కనే అయితాంది అక్కా. శామీర్‌పేటల స్కానింగ్ రాసిచ్చిన్రు. పోలే. నువ్వు బాగైనవు గదా, నేను సుత ఉపాసముంటున్న."

ఎలీషమ్మకు ఆ పూట ప్రసంగం ఒక్క ముక్క చెవికెక్కలేదు. అది ముగియగానే మళ్లీ మైకు అడిగింది. ఇంకో మేలు చెబుతుందనుకుని పాస్టరమ్మ రోజీ నవ్వుతూ అందించింది.

"నేను తొందరపడి చెప్పిన. నాకు తగ్గలే. నాలుగు నెలల సంది దాస్తున్న. నన్ను జూసి ఎవలన్న దవాఖానకు పోకుంటే, ఇగ పోండ్రి."

ఎవరూ స్తోత్రం అనలేదు. వెనక నుంచి ఒక ముసలామె, "ముందు కూసో బిడ్డా, మొఖం తెల్లగైంది," అంది. రోజీ వచ్చి ఎలీషమ్మ భుజం పట్టుకుంది.

"దవాఖానకు పోవద్దని నీకెవలు జెప్పిన్రమ్మా? రేపు నేనొస్త, నడువు."

దవాఖానలో చూస్తే ఎలీషమ్మ ఒంట్లో రక్తం ఆరు పాయింట్లే ఉంది. ముందు రక్తం ఎక్కించి, తర్వాత గర్భసంచి తీశారు. మార్తమ్మకు గడ్డలేవీ లేవు, థైరాయిడ్ అని తేలింది.

"నన్ను గోసి, నీకు గోళీలిచ్చిన్రు," అని ఎలీషమ్మ కుట్ల మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది.

ఇప్పుడు ఆడవాళ్లు స్కానింగ్ కాగితాలు పట్టుకుని ఆమె ఇంటికి వస్తున్నారు. మొన్న నేనున్నప్పుడే ఒకామె అడిగింది.

"నాకు సుత గడ్డలన్నరు వదినె. తీపియ్యాల్నా?"

"నాకేం తెల్సు? నా లెక్క నీది ఉండది. డాక్టరమ్మనడుగు. తోడు రమ్మంటే వస్త," అంటూ ఎలీషమ్మ చెప్పుల కోసం చూసుకుంది.