పునుగుల పొట్లంలో కలిసిన వీరులు

మొన్న కాకినాడలో బస్సు దిగగానే పునుగులు వేగుతున్న నూనె వాసన ముక్కు పట్టుకు లాగింది. చెప్పులు బస్సు దగ్గరే ఉండిపోయి నేనొక్కణ్ణే పునుగుల బండి ముందు తేలానంటే మీరు నమ్మకపోయినా ఫరవాలేదు. ఆ వాసన అక్కడితో ఆగలేదు. తణుకు పక్కన మా ఊళ్ళో, చెరుకు బళ్ళు కిర్రుమంటూ పోయే కాలవ గట్టు మీద, పునుగులమ్మే మంగమ్మత్త పొయ్యి దాకా తీసుకుపోయింది.

ఆ రోజుల్లో నా వీరుడు నల్లముసుగు. మా ఇంటికొచ్చే పేపర్లో వాడి కథ రోజుకి మూడు బొమ్మలే కాబట్టి గుర్రం దిగడానికే వాడికి వారం పట్టేది. నా ప్రాణ స్నేహితుడు, పక్కింటి సత్తిబాబుకి గాలికోటు అనే వీరుడంటే పిచ్చి. ఆ వీరుడు రంగుల బొమ్మల పుస్తకంలో కోటు గుండీ విప్పితే చాలు ఎగిరిపోయేవాడు. ఎండుచెరుకు ఆకుల మీద దొర్లుతూ, పచ్చిమామిడి ముక్కలు ఉప్పూకారంలో అద్దుకుంటూ ఉండగా, ఆ వీరులిద్దరూ తలపడితే ఎవరు గెలుస్తారన్న మాట ఓ వేసవి మొదట్లో వచ్చింది.

"మీవోడు గుర్రం దిగేలోపు మావోడు రాజమండ్రి వెళ్ళి టిఫిన్ చేసొస్తాడ్రా."

"మావోడు ఉరిమి చూస్తే మీవోడి గుండీలు రాలిపోతాయ్!"

కటీఫ్. నష్టం నాకే. నా కోతలకి 'ఊ' కొట్టేవాడు ఊరంతటికీ వాడొక్కడే మరి. పట్టిసీమ వెళ్ళే లాంచీని మింగిన పులస కథ నోట్లోనే ఉండిపోయి నాకు అన్నం సయించడం మానేసింది.

ఓ సాయంత్రం ఇద్దరం చెరో దారిన వచ్చి మంగమ్మత్త దగ్గరే తేలాం. పునుగుల వేడికి ఒక్క కాగితం ఆగదని ఆవిడ రెండేసి వేసి పొట్లం కట్టేది.

"ఏంట్రా ఎడమొహం పెడమొహం? ఉన్నది ఒక్క పొట్లం. పంచుకుంటే పంచుకోండి, లేకపోతే కుక్క కాచుక్కూచుంది."

కుక్కకి పోయేకన్నా నయమని, అల్లం పచ్చడి నంజుకుంటూ మాటామంతీ లేకుండా తిన్నాం. ఆఖరి పునుగు అయ్యాక సత్తిబాబు కాగితాలు దులిపి ఎండకెత్తి చూశాడు. పైన నల్లముసుగు బొమ్మలున్న పేపరు, లోపల ఎవరో తూకానికి అమ్మేసిన గాలికోటు పుస్తకం పేజీ. నూనె ఇంకి ఒకదాంట్లోంచి ఒకటి కనబడుతున్నాయి.

"ఒరేయ్! మీవోడి భుజమ్మీద మావోడి చెయ్యుందిరా! కొట్టుకోవట్లేదేంటి?"

అంతే, నా నోరు తెరుచుకుంది. వాళ్ళిద్దరూ చిన్నప్పుడు ఒకే బళ్ళో చదివారన్నాను.

"ఊ," అన్నాడు సత్తిబాబు.

ఆ 'ఊ'తోనే వేసవంతా కథ నడిచింది. ఆదివారం టీవీ కార్టూన్లో వచ్చే రాగి రోబోని కూడా రప్పించి, చిలుము పట్టకుండా చింతపండుతో తోమించాను. ముగ్గురూ కలిసి పంచదార ఫ్యాక్టరీ పొగగొట్టాన్ని సన్నాయిలా ఊదారు.

ఇప్పుడు మంగమ్మత్త లేదు. మూడు బొమ్మల వీరుడు పేపర్లోంచి ఎప్పుడు దిగిపోయాడో నేను చూడనేలేదు. నూనె చుక్క అవసరం లేకుండానే వీరులందర్నీ ఒకే సినిమాలో గుంపుగా దింపుతున్నారు. మంగమ్మత్త ఆ రెండో కాగితం వెయ్యకపోయుంటే నేనివాళ కథలు చెప్పేవాణ్ణే కాదు; ఆ జిడ్డు చేతికి దండం పెట్టుకుంటాను.

కాకినాడ బండివాడు పునుగులు వెండిరంగు కాగితం ప్లేటులో పెట్టిచ్చాడు. తిన్నాక అలవాటుగా ఆ ప్లేటుని ఎండకెత్తాను. ఏమీ లేదు. ఇప్పుడు ఇక్కడే ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, నన్ను తన ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చిన సత్తిబాబు నా భుజం మీంచి తొంగి చూశాడు.

"ఏంట్రా, ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నార్రా. మావోడు ఇప్పుడే గుర్రం దిగుతున్నాడు..."

కళ్ళజోడు పైకి తోసుకుని, వాడు "ఊ" అన్నాడు.