బలద్‌లో నేను చూపించిన మ్యూజియం

పరువు పోవడానికి కొందరికి ఏళ్లు పడుతుంది. నాకు రెండు మెట్లు ఎక్కేంతసేపు పట్టింది. చెబుతాను, నవ్వుకోండి, కానీ మా వార్డులో మాత్రం ఈ మాట ఎత్తకండి.

నేను సౌదీలో జెడ్డా ఆసుపత్రిలో నర్సుగా చేరి అప్పటికి నాలుగేళ్లు. ఊరి నడిబొడ్డున ఉన్న పాతపేట బలద్ అంటే నాకు మా నరసాపురం కన్నా ఎక్కువ గర్వం. పగడపు రాళ్ల మేడలు, చెక్క జాలీల కిటికీలు, బాగుచేసి జనం చూడ్డానికి తెరిచిన ఇళ్లు... అన్నీ నేనే దగ్గరుండి కట్టించినట్టు చెప్పేదాన్ని. అప్పుడే కొత్త హెడ్ నర్సుగా రత్నకుమారిగారు వచ్చారు. క్రిస్మస్‌కి ఇంటికెళ్లే నా సెలవు కాగితం ఆవిడ సంతకం కోసం చూస్తోంది. ఆవిణ్ణి మెప్పించాలని బలద్ తీసుకెళ్లాను.

ఒక సందులో బార్లా తెరిచిన పాత ఇల్లు కనిపించింది.

"టికెట్ వద్దా సునీతా?"

"ఇక్కడన్నీ ఫ్రీయేనండీ. నేనున్నాగా!"

రెండు మెట్లెక్కి లోపలికెళ్తే ఒక ముసలావిడ నవ్వుతూ కూర్చోబెట్టి, కావా అనే అరబ్బు కాఫీ పోసి, ఖర్జూరాలు పెట్టింది. ఎవరు మీరని అడగలేదు. గడప దాటినవాళ్లకి ముందు కావా, తర్వాతే ప్రశ్నలు. అది వాళ్ల మర్యాద. నేను అదీ ప్రదర్శనే అనుకున్నాను.

"చూశారాండీ, పాతకాలం అవ్వలా వేషం వేసి కూర్చోబెట్టారు!"

"అచ్చం నిజం అవ్వలాగే ఉందమ్మా."

ఇంకేం, నాకు పూనకం వచ్చేసింది. "ఇదిగోనండీ, హజ్ యాత్రికులు సామాను దాచుకున్న బీరువా!" అంటూ తలుపు లాగాను. లోపల బీపీ మిషను, మడతపెట్టిన దుప్పట్లు, షుగర్ మాత్రలు.

మేడమ్ మాత్రల అట్ట తిప్పి చూశారు. "ఏమ్మా, ఆ యాత్రికులు ఇవే వేసుకునేవారా?"

ముసలావిడ తన డ్రైవర్ దగ్గర నేర్చిన హిందీలో మెల్లగా అంది: "బేటీ, యే మేరా ఘర్ హై. ఔర్ కావా?"

ఇది నా ఇల్లమ్మా, ఇంకాస్త పొయ్యనా అని! ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను పరాయి ఇంట దూరి రచ్చ చేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా బీరువా తెరిచినదానికి కూడా కావా పోసే ఊరు నాదని గర్వంగానూ అనిపించింది.

మేడమ్ ఊరుకోలేదు. వచ్చాం కదా అని ఆవిడకి బీపీ చూశారు. ఆవిడ మమ్మల్ని శుక్రవారం భోజనానికి పిలిచింది.

తిరుగుదారిలో భయంభయంగా అడిగాను. "మేడమ్, నా సెలవు..."

"ఇచ్చేశాననుకో. నువ్వు లేని ఆ నెల రోజులన్నా బలద్‌లో జనం తలుపులు తీసుకుని ఉంటారు."

అందుచేత పాఠకమహాశయులారా, నా స్టెతస్కోపు మీద ఒట్టు: ఈ జన్మలో మళ్లీ ఎవరి బీరువా జోలికీ పోను, మనిషి నాడి చూసి నిజం మనిషేనని తేల్చుకుంటే తప్ప ఎవరింటి చరిత్రా చెప్పను!