రేకుల కప్పు కింద చెనిక్కాయ పొట్టు

కర్నూలు రాజధాని అయిన ఏడాదే మా కాపురం మొదలైంది. ఊరంతా డేరాలు, డేరాల్లో ఆఫీసులు, గాలికి ఎగిరిపోకుండా కాగితాల మీద గులకరాళ్లు. మా ఆయన అలాంటి ఒక డేరాలో గుమాస్తా. ఎక్కడెక్కడి ఉద్యోగులో వచ్చి పడటంతో పశువుల కొట్టాలకు కూడా సున్నం కొట్టి అద్దెకిస్తున్న రోజులవి. మాకు దొరికింది ఒకప్పుడు పత్తి బస్తాలు వేసుకున్న గది. పైన ఇనుప రేకులు, వాటికి అడుగున్నర కింద గోనెపట్ట కుట్టి సున్నం పూసిన వెదురు తడిక, దాని కింద మేము. వంట మాత్రం పెరట్లో వేరే పంచలో.

చలికాలమంతా ఆ గది నాకు రాజమహలే. ఉగాది దాటగానే దాని అసలు గుణం బయటపడింది. పొద్దెక్కేకొద్దీ రేకులు టిక్కు టిక్కుమంటూ సాగేవి. మధ్యాహ్నానికి ఇత్తడి బిందె ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. నేను తడిచీర కట్టుకుని కుట్టుమిషను ముందు కూర్చుంటే, ఒక రవిక కుట్టేలోపే చీర పెళపెళలాడేది.

ఒక సాయంత్రం మా ఆయన పరుగులాంటి నడకతో ఇంటికొచ్చాడు. పక్క డేరాలో ఒక ఇంజినీరు చెప్పాడట.

"దూరదేశాల్లో గాజుతో దూది చేస్తారంట. దాన్ని గొట్టంతో ఊది ఇంటి కప్పులో నింపుతారంట. ఇంక ఎండ కిందికి దిగదంట."

"గాజుతో దూదా?" అన్నాను. "దాంతో పరుపు కుట్టుకుంటే కొత్త పెళ్లికూతురు ఎట్ల పండుకుంటాది?"

అని నవ్వడం మొదలుపెట్టాను. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. నవ్వు పట్టుకుంటే వదిలేది కాదు. నన్ను చూసి ఆయనా నవ్వాడు. కానీ ఆ మాట మాత్రం ఆయన మనసులో నాటుకుపోయింది. తెల్లారి లేస్తూనే తడిక వంక చూస్తూ కూర్చున్నాడు.

మా పక్కింట్లో దూదేకుల దంపతులు ఉండేవారు. ఆయన వింటితో దూది ఏకితే ఆమె పరుపులు కుట్టేది. నేను వాళ్లను చిన్నాయన, చిన్నమ్మ అని పిలిచేదాన్ని. గాజు దూది మనకు దొరకదు కాబట్టి మామూలు దూదే నింపుదామని మా ఆయన చిన్నాయనను అడిగాడు. చిన్నాయన గడ్డం గోక్కున్నాడు.

"వద్దప్పా. దూది పోస్తే ఎలకలు కాపురం పెడతాయి. నిప్పురవ్వ పడిందంటే భగ్గుమంటాది. చెనిక్కాయ పొట్టు పోసుకో. నూనె మిల్లు కాడ కొండంత పడుండాది. ఎవరన్నా ఎత్తుకపోతే చాలని సూస్తాండారు."

"పొట్టు మాత్రం కాలదా చిన్నాయనా?" అన్నాను.

"కాలుతాది. దూది మాదిరి ఒక్క పట్టున అంటుకోదు. మీ పొయ్యి యాడో పెరట్లో ఉండాది గదమ్మా."

ఇక మిగిలిన సమస్య ఒకటే. ఆ అడుగున్నర సందులోకి మనిషి దూరలేడు. దూరినా తడిక ఆపదు. కాబట్టి ఊదే పోయాలి. మా ఆయన కమ్మరి దగ్గరికి వెళ్లి, కొలిమికి గాలి కొట్టే పంకా, చేత్తో తిప్పేది, ఆదివారం ఒక్కరోజుకు అడిగి తెచ్చాడు. గొట్టం కుట్టే పని నాది. బజార్లో చవగ్గా పాత డేరా గుడ్డ దొరికితే, రెండు రోజులు కూర్చుని పన్నెండు మూరల గొట్టం కుట్టాను. మధ్యలో పొట్టు పోయడానికి ఒక నోరు పెట్టాను. చిన్నమ్మ దాన్ని చూసి, "ఎవరికి పాపా ఈ పైజామా? ఒక్క కాలే ఉండాది" అంది. ఆ మాటకు మిషను మీద తల పెట్టి ఎంతసేపు నవ్వానో నాకే తెలియదు.

ఆదివారం పొద్దున్నే ఎద్దుల బండి మీద వేరుశనగ పొట్టు బస్తాలు దిగాయి. మూలన తడికకు బెత్తెడు కంత కోశాం. మా ఆయన నిచ్చెన ఎక్కి గొట్టం కొసను ఆ కంతలో పెట్టి పట్టుకున్నాడు. కింద చిన్నాయన పంకా తిప్పుతున్నాడు. నేను చేటతో పొట్టు పోస్తున్నాను. చిన్నమ్మ పొడుగాటి కట్టెతో తడికను కింది నుంచి తడుతోంది. బోలుగా మోగితే అక్కడ పొట్టు లేనట్టు, దబ్బుమంటే పడినట్టు.

మొదటి నాలుగు చేటలు సర్రుమని పైకిపోయాయి. రేకుల మీద వడగళ్లు పడ్డట్టు లోపలినుంచి చప్పుడు. మాకు పట్టలేని సంబరం. అయిదో చేట పోయగానే, పోసిన పొట్టంతా పోసిన దారినే తిరిగి వచ్చి నా ముఖాన కొట్టింది.

"గట్టిగా తిప్పు చిన్నాయనా" అని పైనుంచి మా ఆయన.

చిన్నాయన రెండు చేతులతో తిప్పాడు. గొట్టం గొడ్డును మింగిన కొండచిలువలా ఉబ్బింది. నేను పొయ్యడం ఆపాల్సింది. ఆపలేదు, ఇంకో చేట పోశాను. నా కుట్టు ఈ కొస నుంచి ఆ కొసకు పర్రుమని విచ్చుకుంది. గదంతా పొట్టు. కళ్లలో పొట్టు, నోట్లో పొట్టు. నిచ్చెన మీద ఆయన కనిపించలేదు, తుమ్ములు మాత్రం వినిపించాయి.

ఆ పొట్టు కాస్త కిందికి దిగాక చూస్తే గడపలో మా అత్త నిలబడి ఉంది. నెత్తిన బట్టల మూట, చంకలో మామిడిపండ్ల గంప, ఒళ్లంతా పొట్టు.

అత్తది పెన్న ఒడ్డున, గండికోటకు ఇవతల ఒక పల్లె. మామ పోయాక పదేళ్లుగా ఒంటిచేత్తో సేద్యం చేయిస్తున్న మనిషి. పెళ్లిలో చూడటమే, మళ్లీ చూడలేదు. ఆ నాలుగు రోజుల్లో ఆమె నాతో మాట్లాడింది పది మాటలు కూడా ఉండవు. వస్తున్నట్టు ఉత్తరం ముక్క కూడా రాయలేదు. నేను చేట పట్టుకుని బిగుసుకుపోయాను. అంత భయంలోనూ కడుపులోంచి నవ్వు తన్నుకొస్తోంది. పెదవి కొరుక్కుని నేల చూశాను.

అత్త మూట దించింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. పంకాను చూసింది, చినిగిన గొట్టాన్ని చూసింది, తడికలో కంత చూసింది.

"ఏం చేస్తాండారు?" అంది.

మా ఆయన నిచ్చెన మీదినుంచే గాజు దూది దగ్గర్నుంచి మొత్తం చెప్పాడు. చెబుతుంటే వినడానికి నాకే పిచ్చిగా అనిపించింది. అత్త అంతా విన్నది.

"అది సరే నాయనా. లోపలికి గాలి కొడతాండారు. బయటికి పోయేదానికి దోవ యాడుండాది?"

మా ఆయన చేతిలోని గొట్టం కొసను, తడికను మార్చి మార్చి చూశాడు.

"గాలికి దోవ లేకుంటే గాలి పోతాదా? పొట్టు మాత్రం ఎట్ల పోతాది? తూర్పార పట్టేది ఎప్పుడూ సూడలేదా నువ్వు?" అని నా వైపు తిరిగింది. "నువ్వేంది అమ్మీ, అట్ల పెదివి కొరుక్కుంటాండావు? నవ్వొస్తే నవ్వు. రక్తం వస్తాది."

నేను నవ్వాను. ఆపుకోలేక గోడకు జారబడి కూర్చుని నవ్వాను. చిన్నమ్మ నన్ను చూసి నవ్వింది, చిన్నాయన ఆమెను చూసి నవ్వాడు. అత్త ముఖం మాత్రం కదల్లేదు. చీర గోచి పోసి కట్టుకుని, "మిషను యాడ?" అని అడిగింది.

నేను గొట్టానికి ఈసారి రెండు వరుసల కుట్టు వేశాను. ఆలోపు అత్త పొట్టును వీధిలోని బండల మీద ఎండబోయించింది, చెమ్మగా ఉంటే అడ్డం పడుతుందని. పురుగు పట్టకుండా ఎండు వేపాకు నలిపి కలిపించింది. ఎదురుగోడ పైన, రేకుల అంచు కింద మట్టితో మూసిన సందు ఒకటుంటే, దాన్ని పొడిపించి, గాలి పోయి పొట్టు ఆగేట్టు గోనెపట్ట అడ్డం కట్టించింది. ఇక పంకా దగ్గర తనే కూర్చుంది.

"చేట కుమ్మరించొద్దు. జల్లినట్టు పొయ్యి" అంది నాతో.

జల్లాను. పొట్టు పోయింది. ఇంకో చేట, ఇంకోటి. పైన హోరు, అవతలి సందులోంచి వీధిలోకి దుమ్ము. దారిన పోయేవాళ్లు ఆగి, "ఈడ మిల్లు పెట్టినారా?" అని అడిగారు. చిన్నమ్మ తడిక తడుతూ గది చుట్టూ గంతులేస్తోంది. "ఈడ దబ్బంటాది, ఈడ ఇంకా బోలు, ఆ మూలకు తిప్పప్పా" అని అరుస్తోంది. బస్తాలు ఒక్కొక్కటే ఖాళీ అవుతుంటే అత్త పంకా తిప్పే వేగం పెరుగుతోంది. చూస్తే ఆమె భుజాలు ఊగుతున్నాయి. నొప్పేమోనని దగ్గరికి పోయాను. నవ్వుతోంది. చప్పుడు లేకుండా, కళ్లలో నీళ్లు కారేట్టు నవ్వుతోంది.

"అత్తా, నేను తిప్పుతా లే" అన్నాను.

"పోమ్మీ. ఇట్లాంటి పని దొరకడమే శానా అరుదు" అంది.

మధ్యాహ్నం ఒంటిగంటకు అంతా అయిపోయింది. బావి దగ్గర తలల మీద నీళ్లు కుమ్మరించుకుని, అత్త తెచ్చిన మామిడిపండ్లు తిని, అయిదుగురం ఆ గదిలో ఎలా ఉంటుందో చూద్దామని నేల మీద వరసగా పడుకున్నాం. చల్లగా ఉందంటే అబద్ధం. కానీ పైనుంచి మంటలా దిగే సెగ లేదు. బిందె ముట్టుకున్నాను, చెయ్యి పెట్టనిచ్చింది. ఆ మాట చెబుదామని ఇటు తిరిగేసరికి నలుగురూ నిద్రలో ఉన్నారు. అత్త గురక అందరికంటే పెద్దది.

వారం ఉండి పోదామని వచ్చిన అత్త ఆ ఎండాకాలమంతా ఉండిపోయింది. రేకుల ఇళ్లల్లో ఉడికిపోతున్న గుమాస్తాల కుటుంబాలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి మా తడిక చూసి వెళ్లారు. తర్వాతి ఆదివారాలన్నీ మేము కమ్మరిని మళ్లీ మళ్లీ అడిగి పంకా మోసుకుని ఆ ఇళ్లకు తిరిగాం. ప్రతి ఇంట్లో అత్త మొదట అడిగేది గాలికి దోవ గురించే. వానలు పడ్డాక మా ఇంట్లో ఒక మూల కారి, అక్కడి పొట్టు నాని కుళ్లింది. దాన్ని దించి పారేసి, రేకుకు మాటు వేసి మళ్లీ నింపుకున్నాం.

ఆ ఎండాకాలంలో అన్నిటికంటే చివరిగా చేసిన ఇల్లు ఊరవతల, తుంగభద్ర ఒడ్డున. పని ముగించి నడిచి వస్తుంటే పొట్టు కొట్టుకున్న మా అయిదుగురిని చూసి వీధికుక్కలు మొరుగుతూ వెంటపడ్డాయి. చిన్నాయన పంకాను నెత్తిన పెట్టుకుని పరుగెత్తాడు. ఆయన వెనక మా ఆయన, ఆయన వెనక మేము ముగ్గురం కొంగులు బిగించి. అత్త మా అందరినీ దాటిపోయింది.